ఐదుగురు చెప్పిన కరెంటు కథ

నాకు నౌకరి దొరికింది. పేడాలు తిన్నరు, సంతోషం. గానీ ఎట్ల దొరికిందని అడుగుతున్నరు చూడుండ్రి, అదే చెప్పుకునేటట్టు లేదు. మా ఆయనకు గూడ సగమే చెప్పిన. మీకు మొత్తం చెప్తున్న. చాయ్ సల్లారక ముందే వినుండ్రి, విన్నది ఈడనే మర్చిపోండ్రి.

మీకు ఎరుకనే, నేను రెండేండ్ల కింద దాక బిచ్కుందల ఒక ప్రైవేటు స్కూల్ల యూకేజీ పిల్లలకు చెప్పేదాన్ని. పొద్దుగాల బాన్సువాడల బస్సెక్కితే మల్ల పొద్దుగూకినంకనే ఇంటికి. పాప చిన్నగున్నదని మానేసిన అని అందరికి చెప్పిన. ఇప్పుడు పాప అంగన్‌వాడీకి పోతున్నది. ఇంట్ల నేను, మా అత్తమ్మ. ఆమె మనిషి మంచిదే. గానీ ఎప్పుడన్న అప్పడాలు ఎండకు పెట్టేటప్పుడు, "రజితా, నీ సర్టిఫికెట్లు గూడ తే, చెదలు పడుతయేమో" అంటది. ఆమె మామూలుగనే అంటది. నాకు మాత్రం ఏడనో తగులుతది.

గప్పుడు మా ఎనుకింటి సుజాతక్క నన్ను ఒక గ్రూపుల చేర్పిచ్చింది. నౌకరి లేనోళ్లంత కలిసి ఇంటర్వ్యూలకు తయారయ్యే గ్రూపు. వారమంత వాట్సాప్‌ల, ఆదివారం పొద్దున జిరాక్స్ దుకాణం మీది రూముల. దానికి పెద్ద మా ఇక్బాల్ అన్న. ఆయన ఇప్పటికి ఇరవై దాక ఇంటర్వ్యూలకు పోయిండు. బాన్సువాడ మొత్తం ఎతికినా అంత అనుభవం ఉన్న మనిషి దొరకడు. నడుమ ఏ ఒక్కటి కొట్టినా ఆ అనుభవం ఆడికే ఆగిపోతుండె.

మనిషి మాత్రం బంగారం. చాయ్ పైసలు గూడ ఆయనే ఇస్తడు. తెల్ల బోర్డు మీద రాసి, ఒక్కొక్కరిని లేపి చెప్పిస్తడు. ఇంట్ల ఖాళీగున్న అనొద్దు, కెరీర్ బ్రేక్‌ల ఉన్న అనాలె. నీ బలహీనత ఏందంటే, పని పర్‌ఫెక్ట్‌గ అయ్యేదాక నాకు నిద్ర రాదు అనాలె. సుజాతక్క ఈ మాట చెప్పుకుంట చెప్పుకుంటనే ఆవలిచ్చింది. ఆమెతోని మల్ల మూడుసార్లు చెప్పిచ్చిండు. మద్నూర్ నుంచి వచ్చే మహేష్‌ను, ఐదేండ్ల తర్వాత నిన్ను నువ్వు ఏడ చూసుకుంటవని అడిగితే, వాడు జరసేపు ఆలోచించి "మద్నూర్లనే అన్న" అన్నడు. మద్నూర్ అనొద్దు, లీడర్‌షిప్ పొజిషన్ల అనాలె అని రాయిపిచ్చిండు.

ఇంతవరకు బాగనే ఉండె. తర్వాత ఆదివారం, ఒక్కొక్కరు జీవితంల ఎదురైన కష్టమైన పరిస్థితి, దాన్ని ఎట్ల దాటిండ్రో చెప్పాలె అన్నడు. అందరం ఒకరి మొకం ఒకరం చూసుకున్నం. కష్టాలంటే మస్తున్నయి, దాటినయే లేవు. ఇగ నా వంతు వచ్చింది.

నేను మా స్కూల్ యాన్వల్ డే సంగతి చెప్పిన. ఫంక్షన్ హాల్ నిండ తల్లిదండ్రులున్నరు, మా యూకేజీ పిల్లలు స్టేజీ ఎక్కిండ్రు, కరెంటు పోయింది. పిల్లలు ఏడ్పు అందుకున్నరు. అప్పుడు నేను ముందటికొచ్చి, "అందరు మీ ఫోన్ల లైట్లు వేయండ్రి" అన్న. హాలంత చుక్కలు మెరిసినట్టు మెరిసింది. పిల్లలు ఆ వెలుతుర్లనే డ్యాన్స్ చేసిండ్రు. ఇదీ నేను చెప్పిన కథ. ఇందులో కరెంటు పోయిన దాక నిజం. ఆడికెల్లి నేను కలిపిన. ఎందుకు కలిపినననేది తర్వాత చెప్తా.

ఇక్బాల్ అన్నకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. కథంటే గిట్లుండాలె అన్నడు. బోర్డు మీద మూడు గీతలు గీసి, సమస్య, చేసిన పని, ఫలితం అని పంచిండు. హాల్ల ఎంతమంది అని అడిగితే నూటయాభై అన్న. మూడొందలు చేద్దాం అన్నడు. ఆఖరుకు స్కూల్ పెద్దసార్ వచ్చి షేక్‌హ్యాండ్ ఇచ్చిండు అంటే బాగుంటదని సుజాతక్క చెప్పింది. ఇచ్చిండనే రాసినం. అందరు ఆ బోర్డును ఫోటో తీసుకున్నరు. నేను మస్తు ఖుషీ అయిన. నా కథను చూసి నేర్చుకుంటున్నరు అనుకున్న.

నెల తిరక్కుండనే, మన ఊర్ల కొత్తగ తెరుస్తున్న ట్రాక్టర్ షోరూంల రెండు పోస్టులు పడ్డయి. వచ్చిన రైతులతోని మాట్లాడుడు, వాళ్ల ఫిర్యాదులు రాసుకునుడు. మా గ్రూపుల ఐదుగురం అప్లై చేసినం. మనల మనకు పోటీ లేదు, మనం ఒక టీం అని ఇక్బాల్ అన్న అన్నడు. అందరం ఒకటే ఆటోల పోయినం. దారిల అందరు లోపల్లోపల ఏదో చదువుకుంటున్నరు.

ముందు ఇక్బాల్ అన్నను పిలిచిండ్రు. బయటికొచ్చి బొటనవేలు చూపిచ్చిండు. తర్వాత సుజాతక్క పోయింది. వచ్చినంక నా మొకం చూడకుండ నీళ్లు తాగవోయింది. ఆమె తర్వాత మహేష్, వాని ఎనుక మా గ్రూపుదే ఇంకో పిల్ల. ఆ పిల్ల వచ్చుడు వచ్చుడే సీదా మెట్లు దిగి పోయింది. భయం అయితుంటది పాపం అనుకున్న. ఆఖరుకు నేను.

లోపల ఇద్దరున్నరు. ఒకరు హైదరాబాద్ నుంచి వచ్చిన మేడం, ఉద్యోగాల సంగతి ఆమెనే చూస్తది. ఇంకొకరు షోరూం ఓనర్, అరవై దాటిన పెద్దమనిషి. తెల్ల అంగి, ఒక చేత్తోని మోకాలు రుద్దుకుంట కూసున్నడు. మొదటి రెండు ప్రశ్నలకు గడగడ చెప్పిన. తర్వాత మేడం, కష్టమైన పరిస్థితి ఒకటి చెప్పమన్నది. చెప్పమని అంటున్నప్పుడే ఆమె మొకంల ఒక తీరు అలసట కనపడ్డది. నేను పట్టిచ్చుకోలే.

బిచ్కుంద, యాన్వల్ డే, మూడొందల మంది అని మొదలువెట్టిన. కరెంటు పోయింది అన్ననో లేదో మేడం పెన్ను కింద పెట్టింది.

"అప్పుడు మీరు అందర్నీ ఫోన్ లైట్లు వేయమన్నారు. అంతేనా?"

నాకు అప్పటికి గూడ సమజ్ కాలే. అవును మేడం, మీకెట్ల ఎరుక అని అడిగిన. అడుగకుంటే బాగుండు. ఆమె ముందటున్న కాగితాలు తిప్పి ఒక్కొక్కటి చదివింది. ఇక్బాల్ అన్న నిజామాబాద్ల కాలేజీ ఫెస్ట్‌ల లైట్లు వేయిపిచ్చిండట. సుజాతక్క వాళ్ల ఆడబిడ్డ పెండ్లిల వేయిపిచ్చిందట. మహేష్ మద్నూర్ల క్రికెట్ టోర్నమెంట్ ఫైనల్ల, గ్రౌండ్ సుట్టు లైట్లు వేయిపిచ్చి ఆఖరి ఓవర్ ఆడిపిచ్చిండట. ఆ పిల్ల దవాఖానల ఒక కాన్పే చేయిపిచ్చిందట.

మేడం ఓనర్ దిక్కు తిరిగి, "మీ దగ్గర కరెంటు ఎప్పుడూ పోతూనే ఉంటుందా సార్?" అని అడిగింది. ఆమె నిజంగనే అడుగుతున్నది, హేళన గూడ కాదు. ఆయన మోకాలు రుద్దుకుంటున్నడు.

ఆ కథ నాదే మేడం, మిగిలినోళ్లది కాదు అన్న. అందరూ అలాగే అంటారు అన్నది. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. దొంగసొమ్ము పోయిందని ఠాణాకు పోయినోనికి ఎట్లుంటదో గట్లనే ఉండె.

గప్పుడు ఆ పెద్దమనిషి మెల్లగ నోరు తెరిచిండు. మిగిలిన నాలుగు కథలల్ల బిచ్కుంద లేదు, నీ కథలనే ఉన్నది అన్నడు. ఏ యేడు జరిగిందని అడిగిండు. రెండేండ్ల కింద అన్న. యూకేజీ పిల్లలకు కోతుల వేషం ఏసిండ్రు కదా అన్నడు. కోతుల సంగతి నేను గ్రూపుల గూడ చెప్పలే.

"ఆ కోతులల్ల ఒకటి నా మనుమరాలే బిడ్డా. మా బిడ్డ వాళ్లు బిచ్కుందలనే ఉంటరు. నేను ముందటి లైన్ల కూసున్న. ఫోన్ లైట్లు ఎవ్వలు ఏయలే. చీకట్ల స్టేజీ మీదికెల్లి ఎవలో 'పాము' అని మొత్తుకున్నరు. అది నువ్వేనా?"

ఇగ దాచెతందుకు ఏం మిగల్లే. నేనే సార్ అన్న. మొత్తం చెప్పేసిన. కరెంటు పోయింది, నా కాలి మీదికెల్లి ఏదో సల్లగ పాకింది, పాణం పోయింది అనుకొని మొత్తుకున్న. హాల్ల ఉన్నోళ్లంత కుర్చీల మీదికెల్లి ఉరికిండ్రు. ఫంక్షన్ ఆడికే ఖతం. తెల్లారి స్కూలుకు పోతే, పాప చిన్నగున్నది కదా, కొన్నొద్దులు ఇంట్లనే ఉండు అమ్మా అన్నరు. ఆ కొన్నొద్దులు ఇప్పటిదాక అయిపోలే. నేను మానుకున్న అని చెప్పుకుంట తిరుగుతున్న గానీ, నన్ను మాన్పిచ్చిండ్రు సార్ అన్న. ఆ మాట నేను మా ఆయనకు గూడ చెప్పలే. ఎవరో తెల్వని మనిషి ముందట చెప్పిన.

ఆయన మేడంను జర చాయ్ తాగి రమ్మన్నడు. ఆమె బయటికి పోయినంక తలుపు దిక్కు ఒకసారి చూసి, కుర్చీ దగ్గరికి జరిగిండు. గొంతు తగ్గిచ్చి అడిగిండు.

"నిజం చెప్పు బిడ్డా. పాము ఉండెనా?"

సంగతేందంటే, ఆయననే చెప్పిండు, ఆ రోజు అందరికంటె ముందు ఉరికింది ఈయననే. మనుమరాలు స్టేజీ మీదనే ఉన్నది, ఈయన మాత్రం గేటు బయట తేలిండు. నడుమ ఒక కుర్చీ మీద పడి మోకాలు పోగొట్టుకున్నడు. అప్పటిసంది ఇంట్ల ఆయన భార్య, మనుమరాలిని ఇడిసి ఉరికినోడు అని వచ్చినోళ్లకల్ల చెప్తదట. ఈయన మాత్రం, పాము గింత లావు ఉండె, నా కాలు పక్కపొంటే పోయింది, ఎవలైనా ఉరుకుతరు అని రెండేండ్ల సంది వాదిస్తుండు. సాక్ష్యం చెప్పెతందుకే మనిషి దొరుకుతలేదు.

ఉండె సార్ అంటే అయిపోతుండె. ఆయన కండ్లు గూడ అదే అనమని అడుగుతున్నయి. గానీ అప్పటికే నాకు నా అబద్ధమే ఐదుసార్లు వినపడి రోత పుట్టింది.

"లేదు సార్," అన్న. "కోతి తోక. దూదితోని కుట్టినం. మంచినీళ్లు ఒలికి తడిసింది, అందుకే సల్లగ తగిలింది."

ఆయన పైన తిరిగే ఫ్యాను దిక్కు చూసిండు. "తోకనా" అని ఒకసారి అన్నడు. జరసేపటికి మల్లొకసారి, "కోతి తోకనా" అన్నడు. నేను మోకాలు గురించి మాఫీ అడిగిన. ఉన్నదంటే ఇంకో మాట అడుగకుండ నౌకరి ఇస్తుంటి కదా, ఎందుకు లేదన్నవ్ అని అడిగిండు. అది నాకు ఎరుకనే సార్ అన్న. నా బ్యాగు తీసుకొని లేచి వచ్చేసిన.

ఆటోల మల్ల ఐదుగురం. ఇక్బాల్ అన్న తల వంచుకొని, అమ్మా, నీ కథ గింత మంచిగున్నది, మాకు ఇంకోటి యాదికే రాలే అన్నడు. నాకు గూడ యాదికి రాలే కదా, అందుకే అది అల్లిన.

మూడొద్దులకు ఫోన్ వచ్చింది. రెండు పోస్టులల్ల ఒకటి నాకు. ఇంకోటి ఎల్లారెడ్డి దిక్కెల్లి వచ్చిన ఒక పిల్లకు. ఆమెను అడిగితే, నాకు పెద్దగ కష్టం ఏం రాలే మేడం అని చెప్పిందట. మేడంకు పాణం లేచొచ్చి అప్పుడే రాసేసుకున్నదట. పెద్దమనిషి నాతోని ఫోన్ల ఒక్కటే మాట చెప్పిండు. ట్రాక్టర్ సామాను రాకున్నా రేపొస్తది, ఎల్లుండొస్తది అని చెప్పేటోళ్లు మస్తుమంది దొరుకుతరు, లేనిది లేదని చెప్పేటోళ్లు కావాలె అన్నడు. ఆ మాటకు నాకు నిజంగనే కండ్లు తిరిగినయి. నా నిజాయితీకి గింత విలువ ఉన్నదా అని అద్దంల చూసుకున్న గూడ.

ఆదివారం పేడాలు తీస్కొని గ్రూపుకు పోయిన. ఎట్ల కొట్టినవో అందరికి చెప్పు అన్నరు. నిజం చెప్పిన, అంతే అన్న. ఇక్బాల్ అన్న బోర్డు తుడిచి, పెద్ద అక్షరాలతోని 'నిజం' అని రాసి, కింద మూడు గీతలు గీసి, ఇది ఎన్ని నిమిషాలల్ల చెప్పాలె అని అడిగిండు.

సోమవారం డ్యూటీల చేరిన. పదకొండు గంటలకు పెద్దమనిషి వాళ్ల ఇంటామెను ఎంబడి పెట్టుకొని వచ్చిండు. షోరూం చూడనీకి వచ్చింది అనుకున్న. సీదా నా టేబుల్ కాడికే తీస్కొచ్చిండు. "గీ అమ్మాయే. గా రోజు స్టేజీ మీద ఉన్న టీచర్. కండ్లార చూసింది. నన్ను కాదు, ఈమెను అడుగు" అన్నడు.

ఆమె నన్ను పైనుంచి కింద దాక చూసింది. ముక్కు మీద కండ్లద్దాలు సక్కగ చేసుకొని, "ఎంత పొడుగుండె బిడ్డా?" అని అడిగింది.

నేను ఆయన దిక్కు చూసిన. ఆయన ట్రాక్టర్ టైరు దిక్కు చూస్తుండు. చేరి గంటన్నర గూడ కాలే. అత్తమ్మ పొద్దున ఎదురొచ్చి మరీ పంపింది.

నేను రెండు చేతులు చాపి చూపిచ్చిన.

ఆయన టైరు దిక్కే చూసుకుంట, మెల్లగ, "ఇంకా జర" అన్నడు.