డబ్బా విప్పకముందు చెప్పిన సాక్ష్యం

మా చర్చి సంఘంలో ఒక అలవాటు ఉంది. ఎవరింటికి ఏ కొత్త వస్తువు వచ్చినా, కుట్టుమిషన్ కావచ్చు, ఆటో కావచ్చు, వాడకముందే ఆదివారం గుడికి తెస్తారు. పాస్టరు అయ్యగారు దానిమీద చెయ్యి ఉంచి ప్రార్థిస్తారు. తెచ్చినవాళ్లు లేచి, దేవుడిచ్చిన ఆ వస్తువుతో ఏం చేయబోతున్నారో సాక్ష్యం చెబుతారు. సంఘం ముందు ఒకసారి పలికిన మాట వెనక్కి తీసుకోరు. నేను పెరిగింది ఆ పట్టింపులోనే. ఆదివారం బడిలో నేను పిల్లలకు నేర్పేదీ అదే.

ఆ ఆదివారం, సైకిల్ రేసులకు తయారవుతున్న నా కూతురు బల్లమీద ఒక చిన్న అట్టడబ్బా పెట్టింది. టేపు కూడా విప్పలేదు.

"ఇది పవర్ మీటర్. శనివారం సైకిల్ టీం సెలక్షన్‌ల దీంతోనే తొక్కుత. సంఘం నా కోసం ప్రార్థన చెయ్యాలె," అంది.

అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను, గట్టిగా.

డబ్బాలో ఉన్నది రేసు సైకిల్‌కు ఎడమ పెడల్ బిగించే క్రాంక్. దాని లోపలివైపు అగ్గిపెట్టెలో సగమంత నల్లటి పరికరం అతికించి ఉంటుంది. కాలు ఎంత బలంతో తొక్కుతోందో అది లెక్కగట్టి హ్యాండిల్ మీది తెరకు పంపుతుంది. ఆ అంకెలు చూడనిదే ఏమీ తేల్చలేనని, టీంను ఎంపిక చేసే హైదరాబాద్ కోచ్ చెప్పేశాడు. పాతది తీసి ఇది బిగిస్తే సరి అనుకున్నాం.

ఇంటికొచ్చి విప్పితే లోపల ఒక కాగితం ఉంది. బిగించే ముందు సరిచూసుకోవలసినవి రాశారు. క్రాంక్ పొడవు సరిపోయింది. అది తొడిగే ఇరుసు లావూ సరిపోయింది. ఇక మిగిలింది సందు. క్రాంక్‌కూ, వెనక చక్రం వైపు వెళ్లే ఫ్రేమ్ గొట్టానికీ మధ్య ఆ పరికరం తిరిగేంత చోటుండాలి. అనుమానముంటే, అంతే మందాన మెత్తటిదేదైనా పాత క్రాంక్‌కు అంటించి తిప్పి చూడమన్నారు.

నా భార్య చపాతీ పిండి ముద్ద ఇచ్చింది. "మీ సైకిల్ కూడా తింటదా గిప్పుడు?" అంది నవ్వుతూ.

కూతురు ముద్దను అంటించి తిప్పింది. గొట్టం తగిలి పిండి మీద గీత పడింది. సన్నటి గీత.

"ముద్ద జర మందమైంది," అని ఇంకోటి చేసింది. మళ్లీ గీత. ఆ తర్వాత పిండిని ఎంత పల్చగా వత్తిందంటే, అది ఆ పరికరం మందంలో సగం కూడా లేదు. గీత పడలేదు. "చూసినవా డాడీ?" అంది. చూశాను. ప్రార్థన చేసిన వస్తువు పట్టకుండా ఎట్లా ఉంటుందని నా మనసూ అంటోంది.

అసలుది బిగించింది. చక్రాన్ని గాల్లోకి లేపి తిప్పితే తిరిగింది. సందులో కాగితం దూరేంతే చోటు. అప్పుడు గోడ పట్టుకుని ఎక్కి, బ్రేకు నొక్కి, కుడి పెడల్ ముందుకు పెట్టి బలంకొద్దీ తొక్కింది. క్రిచ్ మంది. బరువు పడగానే ఫ్రేమ్ వంగి ఆ పరికరానికి తగిలింది. ఇద్దరం విన్నాం. ఇంటి ముందు హైవే మీద బొంబాయి లారీలు పోతూనే ఉన్నాయి.

"వాపస్ పంపుదాం బిడ్డా. పట్టేది తెచ్చుకుందాం."

"శనివారం లోపల వస్తదా? సంఘం ముంగట మాటిచ్చిన డాడీ. నువ్వు నేర్పిందే కదా."

మంగళవారం సంఘ పెద్ద ఒకాయన, నా భార్యకు వరసకు అన్న, చాయ్‌కి వచ్చి సంగతి విన్నాడు. "అయితే బావా, దేవుడు కొలతలు తప్పిండంటవ్! మీ చపాతీ పిండి కరెక్ట్, సంఘం ప్రార్థన రాంగ్!" అని నవ్వాడు. నా కూతురు నవ్వలేదు. లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

ఆ వారమంతా నన్నొక బైబిలు కథ వదల్లేదు. యుద్ధానికి పోతూ, గెలిస్తే ఇంట్లోంచి మొదట ఎదురొచ్చేదాన్ని బలిస్తానని తొందరపడి మొక్కుకున్న తండ్రి, గెలిచి తిరిగొస్తే గుమ్మంలోంచి ఎదురొచ్చిన కూతురు. పిల్లలకు ఆ పాఠం చెప్పవలసి వచ్చినప్పుడల్లా నేను త్వరగా ముగించేవాణ్ణి.

గురువారం సాయంత్రం పెరట్లో చప్పుడైంది. గరుకు కాగితంతో దేన్నో రుద్దుతున్నట్టు, ఆగి ఆగి. వెళ్లేసరికి నేల మీద నల్లటి పొడి. ఆ ఫ్రేమ్ ఇనుముది కాదు, పలచటి కార్బన్ నారతో చేసింది. తగిలే చోట గొట్టాన్ని అరగదీసింది.

"ఇప్పుడు తగుల్తలేదు డాడీ. ఎంత తొక్కినా చప్పుడే లేదు," అంది సైకిల్ మీద నుంచి.

ఆ చప్పుడు లేకపోవడమే నన్ను భయపెట్టింది. సెలక్షన్ హైవే మీద, లారీల పక్కన. "దిగు," అన్నాను. అరిగిన చోట బొటనవేలు ఆనించి నొక్కాను. గొట్టం బెండులా లోపలికి పోయింది.

"నువ్వు నొక్కి చూడు."

నొక్కింది. టిక్కుమంది. సన్నటి పగులు గొట్టం చుట్టూ పాకింది. ఆమె వేలు తీసి నావైపు చూసింది. "ఇది రోడ్డు మీద అయ్యుంటే?" అంది.

అయ్యగారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. "నేను డబ్బా మీదనే చెయ్యి పెట్టిన బ్రదర్. లోపల ఏమున్నదో నాకేం ఎరుక," అన్నారు.

శనివారం ఆమె ఎక్కడికీ వెళ్లలేదు. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఆదివారం సాక్ష్యాల వేళ నేను లేవబోతుంటే, ఆడవాళ్ల వైపు నుంచి ఆమే ముందు లేచింది. "సెలక్షన్‌కు పోలేదు. సైకిల్ నేనే పాడు చేసిన. పోయిన వారం చెప్పిన మాట వాపస్ తీసుకుంటున్న," అంది.

ఎవరూ స్తోత్రం అనలేదు. సంఘ పెద్ద కీర్తనల పుస్తకం తెరిచి ఏదో పేజీ వెతుకుతున్నాడు. ఆమె నిలబడే ఉంది. నేను స్తోత్రం అన్నాను. నా గొంతొక్కటే వినిపించింది. వెనక బెంచీలో ఎవరో, "మాట గూడ వాపస్ చేసే సామానేనా?" అన్నారు, మెల్లగా, మాకు వినిపించేంతగా.

ఆమె కూర్చుంది. నేను ఆమె వీపు వైపు చూస్తూ ఇంకోసారి స్తోత్రం అన్నాను.