‘అభిప్రాయం లేదు’ అని నొక్కిన ఇల్లు

ఉప్పలగుప్తం దగ్గర ఒక ఊళ్లో, ఒకామె నలుగురి ముందు నన్ను వెనకేసుకొస్తుంటే నేను పక్కనే నిలబడి విన్నాను. “ఆయన రాసేరండి. నా కళ్లముందే రాసుకున్నారు. పైవాళ్లు చూడకపోతే ఆయనేం చేత్తారు?” అంది. నేను రాయలేదు. ఆ మాట అప్పుడే, అక్కడే చెప్పి ఉండాల్సింది. చెప్పకుండా ఫోన్లో తరువాతి ప్రశ్న తెరిచాను.

అమలాపురంలో నా కంప్యూటర్ సెంటర్ మూతపడ్డాక సర్వేల పనిలో చేరాను. ఎవరి కోసం చేస్తున్నామో మాకు చెప్పేవారు కాదు. ఒకసారి ఎన్నికల గురించి, ఒకసారి ధరల గురించి, ఇంకోసారి మొత్తం మీద మీ జీవితం ఎలా ఉందండీ అని. జవాబులు ఫోన్లో ముందే గడులు గడులుగా ఉంటాయి. మనిషి చెప్పినదాన్ని అందులో ఏదో ఒక గడిలోకి సర్ది పంపాలి.

మావాళ్లను సర్వే చేయడం సులువనుకుంటారు బయటివాళ్లు. కుర్చీ వేస్తారు, బొండం కొట్టి ఇస్తారు, ఆ తర్వాత ఏమడిగినా “పర్లేదండి, బానే ఉందండి” అంటారు. ఎవరికి ఓటేస్తారంటే “అందరూ మంచోళ్లేనండి” అంటారు. ఇంకా గట్టిగా అడిగితే వీధిలో ఒక పెద్దాయన్ని చూపించి, “ఆరినడగండి, ఆరేం చెబితే మాదీ అదేనండి” అంటారు. రోజంతా ఇవే వింటూ తిరిగేవాడికి కొన్నాళ్లకు వినడం పోతుంది. ఎదుటి మనిషి మాట ఆపాడా లేదా అని చూడటం, వేలితో నొక్కడం, అంతే మిగులుతుంది. నాకూ అలాగే అయింది.

ఆ ఊరికి మొదటిసారి వెళ్లింది ఒక వేసవిలో. వరిచేలు ఒక్కొక్కటిగా రొయ్యల చెరువులవుతున్నాయి. పేటలో చివరి ఇల్లు ఆమెది. యాభై దాటి ఉంటాయి. భర్త పోయాడు. అరెకరం చేను ఉంది. వందనాలండి అని చెప్పి, కుర్చీ తుడిచి వేసింది. ధరలు, కరెంటు, ఆసుపత్రి, అన్నీ అడిగాను. అన్నిటికీ పర్లేదండి అంది. చివర్లో, “మీకు అన్నిటికన్నా పెద్ద సమస్య ఏదండి?” అని చదివాను.

“మా చేనండి.”

“అంటే, గిట్టుబాటు ధరాండి? ఎరువులా?”

“కాదండి తమ్ముడుగారూ. మూడు పక్కలా చెరువులు తవ్వేరు. ఉప్పు ఊరిపోయి నారు మాడిపోతందండి. చెరువుకీ నా గట్టుకీ మధ్యన ఓ చిన్న బోదె కాలవ తవ్విత్తే ఆ నీళ్లు మురుక్కాలవలోకి పోతాయండి. అంతకన్నా నాకేం వద్దు.”

లోపలికి వెళ్లి, పీకి తెచ్చిన నారు చూపించింది. కొసలు ఎర్రగా కాలినట్టున్నాయి. ఆ తర్వాత చాలాసేపు చెప్పింది. ఆమె చేనుకు అవతల మరిదిగారి చేను. రెండూ కలిపి ఇస్తేనే చెరువుకు లీజుకు తీసుకుంటానని చెరువుల ఆసామి అంటున్నాడు. మరిదిగారు ఇచ్చేద్దామంటున్నారు. ఈమెకు ఇష్టం లేదు. తిండిగింజలు పండే నేల అది. ఎవరైనా పెద్దవాళ్లు వచ్చి చూస్తే బోదె తవ్విస్తారని ఆశ.

నా ఫోన్లో ఉన్న గడులు ధరలు, ఉద్యోగాలు, రోడ్లు, తాగునీరు, మద్యం. ఆమె చెప్పింది వీటిలో ఏదీ కాదు. ‘ఇతరం’ నొక్కితే కింద టైపు చేయాలి. ఎండ మండిపోతోంది, ఫోన్లో చార్జింగు అయిపోవస్తోంది, ఇంకా ఇళ్లు మిగిలి ఉన్నాయి. అన్నిటికీ కింద ‘అభిప్రాయం లేదు’ అని ఉంది. అది నొక్కాను.

“రాసేరాండి?”

“ఆయ్, రాసేనండి.”

“పైకెళ్తాదాండి?”

“వెళ్తదండి.”

నేను టైపు చేసి ఉన్నా ఏమీ జరిగేది కాదు. ఆ జవాబులు లెక్కల్లో కలుస్తాయి. వాటిని చూసి ఎవరూ పలుగూ పారా పట్టుకుని రారు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలియదు. చెబితే సర్వే మధ్యలో లేచిపోతారని మేమెవరం చెప్పం.

రెండేళ్ల తర్వాత ఎన్నికల ముందు మళ్లీ అదే ఊరు నా వంతుకు వచ్చింది. ఆమె నాకు గుర్తు కూడా లేదు. కిరాణా కొట్టు అరుగు మీద కూర్చున్నవాళ్లను అడుగుదామని ఆగాను. మెడలో కార్డు చూసి ఒకాయన నవ్వాడు.

“సర్వేగారండీ, మా వదినగారి దగ్గర రాసుకెళ్లింది మీరేనాండి?”

“ఏం రాసుకున్నానండి?”

“అదే మాకూ తెలీదండి. మీరు రాసుకెళ్లేరు, పెద్దోళ్లొత్తారు, బోదె తవ్విత్తారు అని లీజుకివ్వకుండా రెండు పంటలు ఆపేసిందండి ఆవిడ. చెరువులాయన విసిగిపోయి అవతలూళ్లో తవ్వుకున్నాడు. ఇప్పుడు ఆవిడ చేనూ పోయింది, నా చేనూ పోయింది. గడ్డి కూడా మొలవదండి.”

“పెద్దోళ్లు బయల్దేరే ఉంటార్లే బావా,” అన్నాడు పక్కనాయన. “రావులపాలెంలో బస్సు దొరక్క ఆగిపోయుంటారు.”

అందరూ నవ్వారు. ఆ రెండిళ్ల మధ్య మాటల్లేవని, మరిదిగారి కూతురి పెళ్లికి కూడా ఆమెను పిలవలేదని కొట్టతను మెల్లిగా నాతో చెప్పాడు. ఆమె ఇప్పుడు రొయ్యలు వొలిచే షెడ్డులో పనికి పోతోందట.

అంతలో ఆమె ఆ దారినే వచ్చింది. చేతిలో క్యారేజీ. రోజంతా ఐసులో నానిన వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. నన్ను చూడగానే గుర్తుపట్టి నమస్కారం పెట్టింది. మరిదిగారు ఆమెతో అనకుండా గాలితో అన్నట్టు, “రాసుంటే కాయితం ముక్కైనా రాదా?” అన్నాడు. దానికే ఆమె ఆ మాట అంది, ఆయన రాసేరండి అని. “అబద్ధమాడే మనిషిలా ఉన్నారాండి ఆయన?” అని కూడా అంది. అందరూ నా మొహం చూశారు. నేను పక్కనాయన వైపు తిరిగి, ప్రభుత్వ పనితీరు మీకు చాలా తృప్తిగా ఉందా, కొంత తృప్తిగా ఉందా అని అడిగాను.

ఆ సాయంత్రం బస్సులో బాధపడ్డానని రాస్తే బాగుంటుంది. ఏమీ అనిపించలేదు. కిటికీలోంచి, రొయ్యలకు గాలి కోసం చెరువుల్లో తిరుగుతున్న చక్రాలు చూస్తూ కూర్చున్నాను. ఇంటికెళ్లి అన్నం తిన్నాను. మర్నాడు రాజోలు వైపు పని ఉంటే వెళ్లాను. ఆ తర్వాత చాలా నెలలు అలాగే పనిచేశాను.

ఒకరోజు మధ్యాహ్నం నాకే ఒక సర్వే ఫోను వచ్చింది. రికార్డు చేసిన గొంతు. మీ ప్రాంతంలో ప్రధాన సమస్య ధరలైతే ఒకటి నొక్కండి, ఉద్యోగాలైతే రెండు నొక్కండి అంటూ పోయింది. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే ఉన్నాను. ఏది నొక్కాలో తెలియలేదు. కాసేపటికి ఆ గొంతు ధన్యవాదాలు చెప్పి ఆగిపోయింది.

ఆ ఆదివారం ఆ ఊరు వెళ్లాను. షెడ్డుకు సెలవు ఉంటుందని ఆదివారం ఎంచుకున్నాను. ముందు మరిదిగారింటికి వెళ్లి, మీ వదినగారింటి దాకా రండి అన్నాను.

“నేనా గుమ్మం తొక్కనండి.”

“తొక్కక్కర్లేదండి. మీకు వినపడితే చాలు.”

ఏమనుకున్నాడో, చొక్కా వేసుకుని నా వెనకే వచ్చాడు. రోడ్డు మీదే ఆగిపోయాడు. ఆమె అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టుంది, తెల్లచీరలో ఉంది. రోడ్డు మీద మరిదిని చూసి పైట సర్దుకుంది. నాకు కుర్చీ తేబోయింది. వద్దన్నాను.

“ఏంటండి తమ్ముడుగారూ, మళ్లీ సర్వేనాండి?”

“కాదండి. ఆ రోజు మీ చేను సంగతి నేను రాయలేదండి.”

ఆమె నవ్వబోయింది. “పోన్లెండి, రాసే ఉంటారు. పైవాళ్లే...”

“పైవాళ్లు కాదండి అక్కగారూ. పైకి ఏదీ వెళ్లలేదు. మీరు అంతసేపు చెబితే, మీకు అభిప్రాయం లేదని నొక్కి పంపేశాను. రాసేనని మీతో అబద్ధం చెప్పాను. రాసినా ఎవరూ రారని తెలిసి కూడా చెప్పలేదు. ఆమధ్య కొట్టు దగ్గర మీరు నా తరఫున మాట్లాడుతుంటే అప్పుడూ చెప్పలేదు.”

నేను రోడ్డు వైపు తిరిగాను. గొంతు పెంచాల్సి వచ్చింది.

“మీ వదినగారు మొండికెయ్యలేదండి. నా మాట నమ్మి ఆగారు. రెండు చేలూ పోయింది నా వల్లే. నన్ను క్షమించమని మిమ్మల్ని ఇద్దర్నీ అడగటానికొచ్చానండి.”