మేకులు కొట్టిన తలుపు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. నారాయణగూడలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తాను. ఏళ్ల తరబడి రక్తం, గాజు స్లైడ్లు, మైక్రోస్కోపు, ఇవే నా లోకం. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా అక్క వనజ చిక్కడపల్లిలో ఉంటుంది, నేను అశోక్‌నగర్‌లో. పోయినేడు మా బావ గుండెపోటుతో పోయాడు. కొన్నాళ్లయ్యాక కవాడిగూడలో బంధువుల సీమంతానికి అక్కను బలవంతంగా తీసుకెళ్లాను. పసుపు గిన్నె పట్టుకుని వరసగా అందరి కాళ్లకూ రాస్తూ వచ్చిన అమ్మాయి, అక్క దగ్గరికి రాగానే పక్కావిడ వైపు జరిగింది. అక్క మంచినీళ్ల కోసమన్నట్టు లేచి వంటింట్లోకి పోయింది. ఆ రోజు నుంచి ఎవరింటికీ రావడం మానేసింది.

మొన్న ఒక ఆదివారం నారాయణగూడలో ఒక స్కూలు గ్రౌండ్‌లో చేతిపనులు, పాత సామాన్ల సంత పెట్టారు. అక్కడ పసుపులూ పేరంటాలూ ఉండవు కదా అని అక్కను బయల్దేరదీశాను.

పొద్దున ఎండ బాగా ఉంది. ముందు వరసల్లో మట్టికుండలు, వెదురుబుట్టలు, చెక్కబొమ్మలు. జనం కూడా బాగానే ఉన్నారు. వెనక వరసలో పాత సామాన్లు: ఇత్తడి దీపాలు, పింగాణీ జాడీలు, కూలగొట్టిన ఇళ్లలోంచి తెచ్చిన స్తంభాలు. చివరి దుకాణంలో, స్కూలు ప్రహరీగోడకు ఆనించి, గడపతో సహా ఒక రెండు రెక్కల తలుపు నిలబెట్టి ఉంది. నల్లబడ్డ టేకు. అక్క దాని ముందు ఆగింది. నేను పక్క దుకాణంలో పచ్చడి జాడీలు చూస్తున్నాను.

తల తిప్పేసరికి తలుపు ఒక రెక్క ఓరగా తెరిచి ఉంది. అక్క చీర కొంగు లోపలికి పోతూ కనిపించింది. వెనకాల ఇంకో దుకాణం ఉంది కాబోలనుకుని, మళ్లీ జాడీలు చూడటంలో పడ్డాను.

అక్క ఎంతకీ రాలేదు. వెళ్లి చూస్తే గడప ముందు ఆమె చెప్పులు, ఎవరింటికైనా వెళ్లినప్పుడు విడిచినట్టు పక్కపక్కన ఉన్నాయి. తలుపు మూసి ఉంది. నెట్టాను. కదల్లేదు.

దుకాణం పెద్దాయన వచ్చాడు. "అది తెరుచుకోదమ్మా. తెచ్చేటప్పుడే ఎనకకెల్లి పట్టీలేసి మేకులు కొట్టినం."

పక్కకు వెళ్లి సందులోంచి తొంగి చూశాను. రెండు అడ్డపట్టీలు, తుప్పు పట్టిన మేకులు, సాలెగూడు. తలుపుకూ ప్రహరీగోడకూ మధ్య చెయ్యి పట్టేంత జాగా.

అక్కకు ఫోన్ చేశాను. రింగ్ వినిపించింది. నా ఫోన్‌లోంచి కాదు, తలుపు వెనకనుంచి, దూరపు గదిలో మోగుతున్నట్టు. నేను పొరబడ్డానేమో అనుకునేదాన్నే. కానీ రెక్క మీద చెయ్యి వేసి ఉన్న పెద్దాయన చెయ్యి తీసేసి రెండడుగులు వెనక్కి జరిగాడు. రింగ్ ఆగిపోయింది.

ఎవరిని పిలవాలో, ఏమని చెప్పాలో తెలియలేదు. అంతలో వెనకనుంచి భుజం మీద చెయ్యి పడింది.

"పోదామా ఇగ?" అంది అక్క.

ఉత్త కాళ్లతో నిలబడి ఉంది. పాదాల నిండా పసుపు. చీలమండల దాకా, వేళ్ల సందుల్లో కూడా, ఒద్దికగా రాసిన తడి పసుపు. అంత దుమ్ములోనూ దానికి ఒక్క మట్టిరేణువు అంటలేదు.

"యాడికి పోయినవక్కా?"

"లోపలికి. నువ్వు ఎనకనే వస్తున్నవనుకున్న. ఒక పెద్దమ్మ ఉన్నది. పీటేసి కూసోబెట్టి పసుపు రాసింది. నేను వద్దన్న. నాకెందుకమ్మా, మా ఆయన లేడు అని చెప్పిన."

"ఏమన్నది?"

"అయితే ఏంది, కాళ్లు నీయే గదా అన్నది."

"ఫోన్ ఎందుకెత్తలేదు?"

"మోగింది. ఉండనియ్యి, తడి ఆరినంక మాట్లాడుదువు అన్నది."

పెద్దాయన ఆ మాటలన్నీ విన్నాడు. అక్క చెప్పులు తీసి ఆమె దగ్గర పెట్టాడు.

ఆటోలో మా ఇంటికి వచ్చాం. దారి పొడుగునా అక్క మామూలుగానే మాట్లాడింది, కూరగాయలు తీసుకోవాలని కూడా అంది. ఇంటికొచ్చాక దూదితో ఆమె పాదం తుడిచి చూశాను. నిజమైన పసుపే. ఆ రోజు అక్క కాళ్లు కడుక్కోలేదు. రాత్రి నా దగ్గరే ఉండిపోయింది, పడుకోబోతూ ఒక మాట చెప్పింది.

"ఇంకోసారి రమ్మన్నది. నిన్ను గూడ తీస్కరమ్మన్నది. మనకు తెల్సినామె కాదు గానీ, నీ పేరు వెట్టే పిలిచింది."

తర్వాతి ఆదివారం నేనొక్కదాన్నే వెళ్లాను. అవే దుకాణాలు, అదే పెద్దాయన. తలుపు మాత్రం లేదు. ఎవరో కొత్తగా కట్టుకుంటున్న ఇంటికి కావాలని తీసుకెళ్లారట, ఎక్కడికో ఆయన అడగలేదట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన నా ముఖం చూడలేదు.

దీన్ని నాకు నేను చాలా రకాలుగా సర్దిచెప్పుకున్నాను. అక్క నా కన్నుగప్పి ఎక్కడో పసుపు రాయించుకుని వచ్చి ఉండొచ్చు. మరి ఆ రింగ్ సంగతేమిటో చెప్పలేను. అక్క మాత్రం ఇప్పుడు అందరిళ్లకూ వస్తోంది. వీధిలో ఏ కొత్త ఇంటికి తలుపులు బిగిస్తున్నా ఆగి చూస్తుంది. నేను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంటాను.