వెనక సీట్లో దగ్గని మనిషి

కరోనా తగ్గుముఖం పట్టిన ఏడాది వేసవిలో నన్ను మిషిగన్ ఉత్తర భాగానికి, అప్పర్ పెనిన్సులాకి, ఒక అడవి ట్రెయిల్ బోర్డుల తనిఖీకి పంపారు. అప్పటికి నేను రాష్ట్ర ప్రభుత్వ శాఖలో సీనియర్ ట్రాఫిక్ ఇంజనీరుని. రిటైర్‌మెంట్ దగ్గర పడింది. హోదా వినడానికి బాగానే ఉంటుంది గానీ, మా ఆయన మాటల్లో చెప్పాలంటే బోర్డులు పాతించడం నా ఉద్యోగం. స్టాప్ బోర్డు ఎక్కడ ఉండాలి, మలుపు హెచ్చరిక ఎంత ముందుగా రావాలి, బాణం గుర్తు డ్రైవర్ కంటికి ఏ ఎత్తులో ఆనాలి, ఇవే నా రోజులు. ఇంత చేసీ, మా ఊరు నోవైలో ఇంటి దగ్గర మాల్‌కి వెళ్తే కారు ఎక్కడ పెట్టానో వెతుక్కుంటానని ఇంట్లో అందరికీ వేళాకోళం.

ట్రెయిల్ అంటే నడకదారి అనుకోకండి. మామూలు రోడ్లకి పనికిరాని మోటారు బళ్ల కోసం అడవిలో వేసిన దారులివి. వాటి మీద నాలుగు చక్రాల బైకులూ, సైడ్-బై-సైడ్‌లూ తిరుగుతాయి. సైడ్-బై-సైడ్ అంటే తలుపుల బదులు వలలు, నెత్తిన ఇనుప చట్రం ఉన్న చిన్న జీపు. ఆ ప్రాంతమంతా ఒకప్పుడు ఇనుప గనులు. చాలావరకు మూతపడ్డాయి, ఖనిజం మోసిన రోడ్లు మాత్రం అడవిలో అలాగే ఉండిపోయాయి. నేల ఎరుపు, గుంటల్లో నీళ్లు ఎరుపు, రెండు రోజులుంటే మన సాక్సులూ ఎరుపే. ఆ పాత రోడ్లని కలుపుతూ మధ్యలో కొత్త దారులు కొట్టి స్థానిక క్లబ్బులు ట్రెయిళ్లు తయారుచేశాయి. మా శాఖ నిబంధనలు రాస్తుంది, ఖర్చులో కొంత ఇస్తుంది, తనిఖీ చేస్తుంది. పడిన చెట్లు కోసేదీ, బురద పూడ్చేదీ, బోర్డు పాతేదీ క్లబ్బు సభ్యులే, తీరిక దొరికినప్పుడల్లా, జీతం లేకుండా.

నేను వెళ్లిన క్లబ్బుకి ట్రెయిల్ బాధ్యురాలు మార్లీన్. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. బస్సులో పిల్లల్ని అదుపులో పెట్టిన గొంతు ఇంకా అలాగే ఉంది. ఆవిడ పట్టుబట్టి వేయించిన ట్రెయిల్ రెండు ఊళ్లని కలుపుతుంది. దాని మధ్య ముక్క ఒక గనుల కంపెనీ భూమిలోంచి వెళ్తుంది. అలాంటి చోట దారి క్లబ్బు సొంతం కాదు. కంపెనీ ఏటా సంతకం పెట్టి ఇచ్చే అనుమతి మీద నడుస్తుంది.

ఆ భూమిలో, ట్రెయిల్‌కి కాస్త ఎడంగా, పాత గని గొయ్యి ఉంది. లోతుగా నీళ్లు నిండి, అంచులు ఇంకా విరిగిపడుతూనే ఉన్న గొయ్యి. చుట్టూ కంచె ఉంది. అంతకుముందు ఏడాది కొందరు దారి తప్పి ఆ కంచెదాకా వెళ్లారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ కంపెనీ బెదిరింది. బయటివాళ్లు దారి తప్పరని కళ్లారా చూస్తేనే ఈసారి సంతకం అని కబురు పెట్టింది. సంతకం లేకపోతే ట్రెయిల్ రెండు ముక్కలవుతుంది, మార్లీన్ వాళ్ల ఊరికి బళ్లవాళ్ల రాక ఆగిపోతుంది. ఆ ఊళ్లో గని పోయింది, స్కూలు పోయింది. మిగిలిన ఒక్క హోటల్ మార్లీన్ కూతురిది. అది నడిచేది ట్రెయిల్ మీద వచ్చేవాళ్ల ఆకలి మీదే.

బోర్డులు పరీక్షించడంలో మార్లీన్ పద్ధతి నేను ఇంకెక్కడా చూడలేదు. మా శాఖలోనైతే ఇన్‌స్పెక్టరు మ్యాపు పట్టుకుని, ప్రతి కూడలి దగ్గరా బోర్డు ఉందా లేదా అని టిక్కు పెట్టుకుంటూ పోతాడు. ఆవిడ మ్యాపుని బండి ఎక్కనివ్వదు. ఆ ప్రాంతం మొహమైనా చూడని మనిషిని తెచ్చి స్టీరింగ్ ముందు కూర్చోబెడుతుంది. ఫోన్ తీసేసుకుంటుంది. తను వెనక కూర్చుంటుంది. ఇక దారి పొడుగునా ఎవరూ మాట్లాడకూడదు. చెయ్యి చూపకూడదు, గొంతు సవరించుకోకూడదు. ఊరివాళ్లకి బోర్డు అవసరం లేదు కాబట్టి అది వాళ్ల కంటికి ఆనదు, అందుకని వాళ్లు దాన్ని పరీక్షించలేరని ఆవిడ వాదన. ఇన్నేళ్లు బోర్డుల మధ్యే బతికిన నాకు ఈ ముక్క ఎందుకు తట్టలేదా అనిపించింది.

పరీక్ష పెట్టిన శనివారం రావలసిన కొత్తమనిషి కారు దారిలో మొరాయించింది. మా మరిది ప్రకాశ్ టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి సెలవులకి మా ఇంటికొచ్చి, అడవి చూస్తానని తన కార్లో నా వెనకాలే వచ్చి ఉన్నాడు. మార్లీన్ అతన్ని ఎగాదిగా చూసి, అడవిలో ఎప్పుడైనా బండి నడిపావా అని అడిగింది. టెక్సస్‌లో ఒకసారి క్యాంపింగ్ చేశానన్నాడు. ఆవిడకి అంతకన్నా అర్హత అక్కర్లేకపోయింది. నా బంధువుని పెట్టడం బాగుండదేమోనని నేను నసిగాను. పరీక్ష క్లబ్బుది, మీరు చూడ్డానికి వచ్చారు, చూడండి అని తేల్చేసింది.

"ఫోన్ కూడా ఇచ్చేయాలా వదినా? జీపీఎస్ లేకుండా నేను గ్రోసరీకి కూడా వెళ్లను," అన్నాడు ప్రకాశ్.

"అందుకే నిన్ను సెలెక్ట్ చేశారు. హెల్మెట్ పెట్టుకో," అన్నాను.

ముందు సీట్లో ప్రకాశ్ పక్కన కంపెనీ భూముల అధికారి డేల్ కూర్చున్నాడు. మాట పొదుపు మనిషి. సంతకం పెట్టవలసింది ఆయనే. వెనక మార్లీన్, నేను. మొదటి సగం దారి చూసి నాకు ముచ్చటేసింది. ప్రతి కూడలికీ ముందుగా హెచ్చరిక, కూడలి దగ్గర బాణం, దాటాక కొంత దూరంలో చిన్న నిర్ధారణ బోర్డు. సరిగ్గానే వచ్చావు, కంగారుపడకు అని చెప్పడమే ఆ చిన్న బోర్డు పని. మా సరంజామాలో నాకు అదంటేనే ఎక్కువ ఇష్టం. జీతాలు తీసుకునే వాళ్లు కూడా దాన్ని పెట్టడం మరిచిపోతారు. ఈ క్లబ్బు ఒక్కచోటా మరవలేదు.

కంపెనీ భూమిలోకి వచ్చాక దారి రెండుగా చీలింది. ట్రెయిల్ కుడివైపు బర్చ్ చెట్ల మధ్యకి తిరుగుతుంది. ఎడమవైపు పాత ఖనిజం రోడ్డు వెడల్పుగా, ఎర్రగా సాగిపోతుంది. బాణం బోర్డు ఉండవలసిన చోటే, ఉండవలసిన ఎత్తులోనే ఉంది. ఆకు కూడా అడ్డం లేదు. నేనైతే టిక్కు పెట్టి ముందుకు పోయేదాన్ని. ప్రకాశ్ వేగం తగ్గించాడు. బోర్డు వైపు చూశాడు. ఎడమవైపుకి తిప్పాడు.

మార్లీన్ వైపు చూశాను. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని నిటారుగా కూర్చుంది. ఒక్క దగ్గు దగ్గితే చాలు, ప్రకాశ్ ఆగేవాడు. ఆ ఎర్రదుమ్ములో అది మామూలు దగ్గే అనుకునేవాడు డేల్, అనుమానం కూడా వచ్చేది కాదు. ఆవిడ దగ్గలేదు. కాసేపటికి ప్రకాశ్ చిన్న బోర్డు కోసం అటూ ఇటూ చూశాడు, కనబడకపోయినా ముందుకే పోయాడు. కంచె ఎదురయ్యాక బండి ఆగింది.

డేల్ దిగి, వెళ్లి కంచె మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అవతల ఎక్కడో కింద నీళ్లు పచ్చగా మెరుస్తున్నాయి. ప్రకాశ్ ఇంకా స్టీరింగ్ వదల్లేదు. "వదినా, బ్లండర్ చేశానా?" అని నా వైపు తిరిగాడు. పరీక్ష అయిందని మార్లీన్ అనేదాకా మాట్లాడే హక్కు నాకూ లేదు.

బోర్డు చూడలేదా అని అడుగుతుందనుకున్నాను. అందరం అడిగేది అదే. ఆవిడ హెల్మెట్ తీసి, చీలిక దగ్గర నీకేం కనబడింది అని అడిగింది. అతను నిజాయితీగానే చెప్పాడు. బాణం కనబడింది. కానీ కుడిదారి చాప పరిచినట్టు నున్నగా ఉంది, ఎవరూ వెళ్లిన జాడ లేదు. ఎడమవైపు టైర్ల గుర్తులు తాజాగా ఉన్నాయి. దారి మార్చి బోర్డు తీయడం మరిచిపోయారేమో, అందరూ ఇటే వెళ్తున్నారు కదా అనుకున్నాడట.

మార్లీన్ ఆ గుర్తుల వెంట చీలికదాకా నడిచింది. మేమూ వెనకాలే నడిచాం. అక్కడ నిలబడి డేల్‌తో అంది:

"ఈ గుర్తులు నా పికప్ ట్రక్కువి."

ఎవరూ అడగలేదు. ఎవరో దారి తప్పిన వాడివే అనుకుని డేల్ ఊరుకునేవాడు. ఆవిడే విడమరిచి చెప్పింది. ప్రతి శుక్రవారం, వారాంతపు బళ్లు రాకముందు, క్లబ్బువాళ్లు బరువైన ఇనుప చట్రాన్ని లాగించి ట్రెయిల్‌ని చదును చేస్తారు. దాంతో పాత గుర్తులన్నీ చెరిగిపోతాయి. ఆ పని అయ్యాక ఆవిడ పికప్ వేసుకుని, కంచె సరిగా ఉందో లేదో చూడ్డానికి ఇటు వస్తుంది. అంటే శనివారం పొద్దున మొదట వచ్చే బండికి నేల మీద కనబడేది ఆవిడ చక్రాల గుర్తులొక్కటే. అవి తిన్నగా గొయ్యి దగ్గరికి తీసుకెళ్తాయి. పోయినేడు దారి తప్పినవాళ్లు వచ్చింది కూడా శనివారం పొద్దుటే అని, ఆ మాటా ఆవిడే చెప్పింది.

జాగ్రత్త కోసం చేసిన రెండు పనులు కలిసి జనాన్ని ప్రమాదం వైపు నడిపించాయి. అది కనిపెట్టిన క్షణంలోనే, తన ఊరి బతుకు ఎవరి సంతకం మీద ఆధారపడి ఉందో ఆ మనిషికే ఆవిడ చెప్పేసింది. ఆవిడ మీద నాకు కలిగిన గౌరవం చిన్నది కాదు.

ఈ రోజు సంతకం పెట్టను అన్నాడు డేల్. సరిచేశాక పిలవండి, ఈసారి కొత్తమనిషిని నేనే తెస్తాను అన్నాడు. మధ్య ముక్క అప్పటికప్పుడు మూసేశారు.

మధ్యాహ్నం హోటల్లో పాస్టీలు తిన్నాం. పెద్ద కజ్జికాయలో మాంసం, బంగాళాదుంప కూరితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మార్లీన్ కౌంటర్ దగ్గర నిలబడే కూతురికి రెండు ముక్కల్లో విషయం చెప్పింది. ఆ అమ్మాయి చేతిలో గరిటె అలాగే పట్టుకుని కాసేపు తల్లి వైపు చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. మళ్లీ బయటికి రాలేదు. తన వల్లే ఇదంతా అని ప్రకాశ్ సగం పాస్టీ వదిలేశాడు. మార్లీన్ ఆ పళ్లేన్ని తిరిగి అతని ముందుకే జరిపి, నువ్వు చేసిన సాయం ఈ ఊళ్లో ఎవరూ చేయలేకపోయారు అంది.

క్లబ్బువాళ్లు పాత రోడ్డు మొదట్లో బండరాళ్లు దొర్లించి, దుంగలు అడ్డం వేసి, గడ్డి విత్తనాలు చల్లారు. కంచె దగ్గరికి మార్లీన్ నడిచి వెళ్లడం మొదలుపెట్టింది. శుక్రవారం చదును పని ముగిశాక ఒక బండిని కుడిదారిలో పంపి, కావాలనే గుర్తులు వేయిస్తున్నారు. బాణం బోర్డుని ఎవరూ కదపలేదు. ఆ వేసవిలో హోటల్‌కి సగం రోజులు తాళమే.

ఆకులు రంగు తిరిగే వేళకి రెండో పరీక్ష జరిగింది, దానికీ నేను వెళ్లాను. డేల్ తన వదినగారిని షికాగో నుంచి తీసుకొచ్చాడు. ఆవిడ చీలిక దగ్గర వేగమైనా తగ్గించకుండా కుడివైపుకి తిరిగిపోయింది. దిగాక, మధ్యలో ఏదో చీలిక ఉందట కదా, ఎక్కడ అని అడిగింది. డేల్ బండి ముక్కు మీదే కాగితం పెట్టి సంతకం చేశాడు. వేటగాళ్ల సీజన్‌కి దారి తెరుచుకుంది, హోటల్ కూడా.

తిరిగి వెళ్లేముందు మార్లీన్‌ని అడిగాను. మొదటి రోజు ఒక్క దగ్గు దగ్గి ఉంటే అప్పుడే సంతకం వచ్చేది కదా అన్నాను.

"వచ్చేది," అంది. "కానీ శనివారం వచ్చేవాళ్ల వెనక సీట్లో నేను ఉండను కదా."

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, దారి తప్పిన డ్రైవర్ల ఫిర్యాదులు నా బల్ల మీదికి వచ్చినప్పుడు, అక్కడ బోర్డు ఉంది అని జవాబు రాయడం మానేశాను. వాళ్లకి అక్కడ ఏం కనబడిందో అడిగేదాన్ని. ఆ తర్వాత మా సిబ్బంది బళ్లు అక్కడ ఎటు తిరుగుతున్నాయో కనుక్కునేదాన్ని.