నూనె రాసిన గుండు

మా అత్తవారిది పప్పుల టోకు వ్యాపారం. పురసవాక్కంలో మా కొట్టు ముందు మామగారి కాలం నాటి నల్లరాతి గుండు ఒకటి ఉంది. ఆయుధపూజ నాడు ఇంటి మగవాళ్లు దాన్ని నడుం దాకా ఎత్తాలి. ఎత్తినవాళ్లకే గుమ్మంలో బూడిదగుమ్మడికాయ కొట్టే హక్కు. ముందు పెద్దవాడు ఎత్తుతాడు. ఎత్తి దించాక గుండుకు తన చేత్తో నువ్వులనూనె రాసి, కుంకుమ పెడతాడు. తర్వాత చిన్నవాడి వంతు.

ఆ చిన్నవాడే మా ఆయన. ఒక్క ఏడూ ఎత్తలేకపోయాడు. మా బావగారు వీధంతా వినేలా అనేవారు. "రేయ్, నీ పెండ్లాన్ని పిలవరా. ఆడదైనా ఎత్తుద్ది." అందరూ నవ్వేవాళ్లు. మా ఆయన కూడా నవ్వేవాడు. ఆ నవ్వును నేను మరిచిపోదలచుకోలేదు.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. పలక మీద 'అ' కుదిరిన చేతికి గుండు ఎందుకు కుదరదనిపించింది. మా వీధి చివర కసరత్తు నేర్పే ముసలి వస్తాదు దగ్గరకు వెళ్లాను. ఎందుకని అడిగాడు.

"ఒకరి నోరు మూయించాల."

"మంచి కారణమేమ్మా. అయితే తొందర పనికిరాదు. నీ నడుం ఇరిగితే పగోడికే లాభం."

మొదట పాత రుబ్బురోలు పొత్రం ఇచ్చాడు. గొంతుకూర్చుని దాన్ని కావలించుకోవాలి. తొడల మీదికి దొర్లించుకోవాలి. వీపు వంచకుండా కాళ్ల బలంతో లేవాలి. చాలా రోజులు తొడల మీదికి తెచ్చి దించడమే నా పని. లేవబోతే కసిరేవాడు. తర్వాత కొంచెం పెద్ద రాయి, ఆ తర్వాత ఇంకొంచెం పెద్దది.

ఒకరోజు తలకు నూనె పెట్టుకున్న చేతులతోనే వెళ్లాను. రాయి జారి నా కాలివేళ్ల పక్కనే పడింది. వస్తాదు తిట్టిన తిట్లేవీ నాకు వినపడలేదు. బావగారు ఏటా ఎత్తింది పొడి గుండును. మా ఆయనకు మిగిలింది నూనె గుండు. బావగారు కావాలని చేయలేదేమో అనుకోవడం నాకు ఇష్టం లేదు.

ఆ రోజు నుంచి నూనె రాసిన రాళ్లే ఎత్తాను. అరచేతుల పట్టు వదిలేసి, మోచేతులతో పొట్టకు అదుముకోవడం నేర్చుకున్నాను.

మొన్నటి ఆయుధపూజకు బావగారు వచ్చేసరికే గుండు నూనెతో మెరుస్తోంది.

"ఎవురు రాసింది? నేనెత్తినాక గదా రాసేది."

"నేనే రాసినా బావా. మీ తమ్ముడు ఏటా ఇట్లనే గదా ఎత్తేది. మీకేం కష్టం?"

వీధి చూస్తోంది. ఆయన వంగారు. గుండు జారింది. మళ్లీ పట్టారు, మళ్లీ జారింది. మూడోసారి ఆయనే చతికిలబడ్డారు.

"ఆడదాన్ని పిలిచేదా బావా?" అన్నాను.

కొంగు దోపి కూర్చున్నాను. గుండు తొడల మీదికి వచ్చింది, పొట్టకు అదుముకుంది, నాతోపాటు లేచింది. బావగారు తల తిప్పుకునేదాకా దించలేదు.

గుమ్మడికాయ తీసి మా ఆయన చేతుల్లో పెట్టాను. ఆయన కొట్టాడు. అంతవరకు అంతా నేను కోరుకున్నట్టే జరిగింది. కానీ బావగారు నూనె చేతులు తుడుచుకోవడానికి గుడ్డ కోసం వెతుక్కుంటుంటే, మా ఆయన తన భుజం మీది తువాలు తీసి ఇచ్చాడు.

ఆ నూనె మరకల తువాలు నేనింకా ఉతకలేదు.