పూతేసిన చెరుకు

ఎస్తేరు పొద్దున్నే కొంగు బిగించి తన రెండెకరాల చెరుకుతోటలోకి పోతుంది. గడ నిమిరి, గణుపులు లెక్కపెట్టి, ఒక ముక్క నమిలి చూశాకే ఎవరితోనైనా మాట్లాడుతుంది. మూడేళ్లుగా చెరుకు రైతుల సంఘం గడప తొక్కలేదు. అక్కడ ఆడవాళ్ల మాట వినేవాళ్లు లేరని ఆమె కోపం. ఇప్పుడు సంఘానికి కొత్త పేరు, కొత్త బోర్డు పెట్టారు. సభ్యత్వానికి ఆఖరి రోజున కార్యదర్శి సైదులు ఇంటికొచ్చి బతిమాలితే, "పేరు మారిస్తె బుద్ధి మారుతదా బిడ్డా?" అని పంపేసింది. మధ్యాహ్నం ఎరువు బస్తా కోసం పోతూ ఆ బోర్డు చూసి ఆగిపోయింది. దాని మీద గీసిన చెరుకు గడ చివర తెల్లటి పూల పూత! మగవాళ్లతో నిండిన సంఘం ఆఫీసులోకి సరాసరి నడిచింది.

"పూతేసిన చెరుకుల రసమేడుంటది సైదులూ? బెండే గద! సంఘమంత బెండయిందని ఊరికి చాటుతున్నవా?"

"పెయింటరు పట్నపోడు అత్తా. అందంగుందన్నడు, మేమూ సరేనన్నం."

"గింతమంది మొగోళ్లల్ల ఒక్కనికి కండ్లు లేవా?"

"నువ్వుంటే చెప్తుంటివి," అన్నాడు సైదులు మెల్లగా. ఎస్తేరు కుర్చీ లాక్కొని కూర్చుంది. పెయింటరు వచ్చి పూత చెరిపేదాకా లేవలేదు. అప్పుడు సభ్యత్వ కాగితం మీద సంతకం చేసి, "మీటింగు ఎన్నడు? నాతోని పదిమంది ఆడోళ్లొస్తరు. కుర్చీలు ముందు వరుసల వెయ్యి," అంది.