పైడయ్య మావ ఓడ పరీక్ష

మలాయాలో సుంగై సిపుట్ దగ్గరి ఆ రబ్బరు తోటలోంచి ఇండియాకు వెళ్లాలంటే ఓడ టిక్కెట్టు కావాలి, మశూచి టీకా కాగితం కావాలి, అన్నిటికీ మించి పైడయ్య పెట్టే పరీక్ష నెగ్గాలి. మొదటి రెండూ లేకపోతే దొరల కాళ్లావేళ్లా పడవచ్చు. మూడోది లేకపోతే మాత్రం పైడయ్య రైలు స్టేషను దాకా వెంటపడి మరీ వెనక్కి లాక్కొస్తాడు.

పొద్దున్నే రబ్బరు చెట్లకు గీతలు పెట్టడం, మధ్యాహ్నం మనుషులకు పరీక్షలు పెట్టడం ఆయన దినచర్య. కూలీల ఇళ్ల వెనక రెండు చెట్ల మధ్య తాళ్లతో పాత తలుపు చెక్కొకటి వేలాడదీశాడు. అదే ఓడ. ప్రయాణికుడు దాని మీద కూర్చోవాలి, పైడయ్య ఊపుతాడు, గిన్నెడు గంజి ఒలక్కుండా తాగాలి.

"ఊపు తగ్గించు మావా, కడుపులో తిప్పేస్తంది!" అని అప్పన్న మొత్తుకుంటే, "సముద్రానికి సెప్పుకో, నాకేటి సెప్తావు?" అని ఇంకో రెండు ఊపులు ఊపాడు.

తర్వాత నెత్తిన వెదురుబుట్ట బోర్లించుకుని, కిరసనాయిలు పెట్టె వెనక కూర్చుని రేవులో కాగితాలు చూసే దొర అయిపోయేవాడు.

"పేరేటి?"

"ముత్యాలు."

"అయ్య పేరేటి?"

"ఇదేటి మావా! మా అయ్య నీకెరక నేదా? నిన్ననేగా ఇద్దరూ కూకుని కల్లు తాగినారు!"

"దొరకి ఎరక నేదు. తప్పినావు. మళ్లీ వరసలో నిలబడు!"

ఇంత పట్టుదలకు మూలం పాతికేళ్ల కిందట ఆయన తొలిసారి ఓడలో వచ్చినప్పుడు విన్న ఒక్క మాట. "రేపు మనల్ని పులావు దగ్గర దింపుతారంట" అని పక్కవాడెవరో అన్నాడు. పైడయ్య ఆ పూట గంజి మానేసి కడుపులో చోటు ఉంచుకున్నాడు. తెల్లారేసరికి గిన్నె తోముకుని అందరికన్నా ముందు నిలబడ్డాడు. మలాయి భాషలో పులావంటే లంక అని ఆయనకేం తెలుసు? కొత్తవాళ్లకు అంటురోగాలున్నాయేమోనని వారం రోజులు ఆపి ఉంచే లంక అది.

"వారం రోజులూ ఎండుచేపలే బావూ," అని చెప్పేవాడు. "పులావెక్కడని వంటోణ్ణి రోజూ అడిగినాను. ఆడు నా కాళ్లకింద నేల సూపించి 'ఇదే పులావు' అనీవాడు. ఆ పాట్లు ఇంకెవులికీ వొద్దు."

తోట ఆస్పత్రిలో మందులు కలిపి కట్లు కట్టే డ్రెస్సరు సుందరరాజుకు ఈ పరీక్షల మీద ఏమాత్రం నమ్మకం లేదు. ఆయన కాలేజీలో రసాయనశాస్త్రం చదివినవాడు. అయితే ఇప్పుడు ఆయనే ఓడ ఎక్కవలసి వచ్చింది. భీమిలిలో తల్లికి చూపు మందగిస్తోంది. ఇంకొన్ని నెలలాగితే మనవరాలి ముఖం ఆవిడకు కనబడదు. ఆ మనవరాలు రోజ్‌కు ఎనిమిది నెలలు. వారం రోజులు ఓడ డెక్కు మీద, వందల మంది మధ్య, పాలసీసాతో ప్రయాణం.

భార్య పౌలిన్ మలాయాలోనే పుట్టిపెరిగింది, ఆమెకు ఇండియా పరాయి దేశం. అయినా ఆమె హాయిగా పాటలు పాడుకుంటూ మూటలు కడుతోంది. సుందరరాజే తిండి మానేశాడు. తీసుకెళ్లాల్సిన వస్తువుల జాబితా నలభై రెండుకు చేరింది. అందులో థర్మామీటర్లే మూడు. ఒకటి పగిలితే రెండోది, రెండోది తప్పు చూపిస్తోందేమో తేల్చడానికి మూడోది.

"అన్నీ శాస్త్రప్రకారం సిద్ధం చేశాను పైడయ్యా," అన్నాడు ఆయన.

"శాస్త్రం ఓడెక్కుతాదేటి బావూ? ఎక్కేది గుంట కదా!" అని పైడయ్య పాపను చెక్క మీద పడుకోబెట్టి ఊపాడు. పాప నిద్రపోయింది. "పాసు!" అని తోటంతా వినిపించేలా కేక పెట్టాడు.

అక్కడితో ఆగితే ఆయన పైడయ్య ఎందుకవుతాడు? మర్నాడు నిద్రపోతున్న పాప పక్కన రేకు డబ్బా పట్టుకుని ధన్ ధన్‌మని వాయించాడు.

"ఓడ కూతకి అలవాటు సేస్తన్నాను," అన్నాడు, గుక్కపట్టి ఏడుస్తున్న పాపను చూసి కాస్త తగ్గి.

"ఇది నా బిడ్డ! నీ సర్కసు కాదు! ఇంకెప్పుడూ నా గుమ్మం తొక్కకు!" అని సుందరరాజు అరిచాడు.

పైడయ్య డబ్బా చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత రెండు ఆదివారాలు తోటలో కనబడలేదు. ప్రయాణం రోజున స్టేషనుకూ రాలేదు.

"పెద్దాయన. అంత మాట అనకుండా ఉండాల్సింది," అంది పౌలిన్.

సుందరరాజు రైలు కదిలేదాకా ప్లాట్‌ఫారం మీదనుంచి చూపు తిప్పలేదు.

పినాంగు రేవులో టీకా కాగితాలు చూపించి, మూటలు మూడుసార్లు సరిచూసుకుని పైకెక్కేసరికి డెక్కంతా చాపలే. కాలు పెట్టడానికి చోటు లేదు. మిగిలిందల్లా పొగగొట్టం పక్కన, సెగలు కక్కుతున్న జానెడు జాగా. నలభై రెండు వస్తువులూ తెచ్చుకున్నాడు కానీ, పాపను పడుకోబెట్టే చోటు మాత్రం ఆ జాబితాలో లేదు.

"డ్రెస్సరు బావువి నువ్వేనా?" అన్నాడు ముక్కూ మొహం తెలియని మనిషి. "నాను దాసుని, ఇపో ఊరి దగ్గర తోట. బేగి రండి! గంటనించీ కాళ్లూ సేతులూ సాపి ముగ్గురి సోటు కాస్తన్నాను. పైడయ్య మావ నాకిచ్చిన పని ఇది."

డెక్కు నడుమ, నీడలో, గాలి ఆడే చోట పరిచిన చాప.

"ఈ ఓడలో ఎవులెవులు ఎల్తన్నారో కనుక్కుని ఆరు తోటలు తిరిగినాడు. మా తోటకి వానలో తడిసి వచ్చినాడు," అన్నాడు దాసు. "అందరికీ పరీక్షెట్టి, నెగ్గినోళ్లకి తలో పని ఒప్పజెప్పినాడు."

"పాపకి నీళ్లు మరగబెట్టడం నా వంతు," అంది పక్కనుంచి కన్నమ్మ అనే ఆవిడ. "బుడగలొచ్చినాక వంద లెక్కెట్టాలంట కదా? డ్రెస్సరు బావు అలాగే సేస్తాడు, ఒక్కటి తగ్గినా ఊరుకోడు అన్నాడు."

సుందరరాజు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవాల్సింది అద్దాలు కాదని పౌలిన్‌కు తెలుసు.

చాప చివర ఎర్రమ్మ అనే ముసలమ్మ ఖాళీ చేతులతో కూర్చుని ఉంది. పాపను కాకుండా సుందరరాజునే కన్నార్పకుండా చూస్తోంది.

"నీకేం పని చెప్పాడు అవ్వా? పాపను ఆడించడమా?"

"పాపకేటి నాయినా, రాణి నాగున్నాది," అంటూ ఎర్రమ్మ దగ్గరికి జరిగింది. "'గుంటతో భయం నేదు, తల్లీ గట్టిదే. ఆళ్లయ్యే బెంగటిల్లే మనిషి. వాంతొస్తే ఆ బావు తల పట్టుకో' అన్నాడు."

"నాకా? నాకేం కాదవ్వా," అని సుందరరాజు నవ్వబోయాడు. ఓడ కూత పెట్టింది. డెక్కు ఒకసారి ఇటూ, ఒకసారి అటూ మెల్లగా ఊగింది.

ఎర్రమ్మ ఆయన తల వైపు రెండు చేతులూ చాచింది.